మొదటి పీరియడ్ లెక్కలు

నేను ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పాను. అందులో దాదాపు ముప్పై ఏళ్లు మొదటి పీరియడ్ నాదే. ఎక్కడికి బదిలీ అయినా, చేరిన రోజే టైమ్‌టేబుల్ తెప్పించుకుని మొదటి గంట నా పేరున రాయించుకునేవాణ్ణి. పొద్దున్నే పిల్లల బుర్ర చురుగ్గా ఉంటుందని, లెక్కలు అప్పుడే ఎక్కుతాయని మా మాస్టారు నాకు చెప్పారు. ఆయనకు వాళ్ల మాస్టారు చెప్పి ఉంటారు. నేనెప్పుడూ దాన్ని పరీక్షించి చూడలేదు.

మీలాంటి కొత్త టీచర్లు మా ఇంటికి వచ్చినప్పుడు, విజయనగరంలో నేను పనిచేసిన బళ్ల గురించి, అక్కడ వచ్చిన నూటికి నూరు మార్కుల గురించి అడుగుతుంటారు. దానికి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చదివే పిల్లలు దొరికారు, మార్కులు వచ్చాయి. అంతకంటే నన్ను మార్కులు రాని ఒక బడి గురించి అడిగితే బాగుంటుంది. అడక్కపోయినా చెబుతాను.

రిటైర్మెంటుకు ఐదేళ్ల ముందు నాకు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరికి బదిలీ అయింది. హైవే దిగి జీడితోటలు, సరుగుడు తోపులు దాటుకుంటూ ఏడు కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులూ కలిపినా డెబ్బై మంది పిల్లలు లేరు. పదో తరగతిలో పద్నాలుగు మంది. వాళ్లలో పదకొండు మంది ఆడపిల్లలు. మగపిల్లలేరీ అని అడిగితే, ఎనిమిదో తొమ్మిదో కాగానే తండ్రుల వెంట గుజరాత్ బోట్ల మీదికి పోతారని చెప్పారు. ఆగస్టులో రైలెక్కితే మళ్లీ వేసవికే రావడం. చేతిలో కాస్త డబ్బు ఆడేవాళ్ల పిల్లలు పొద్దున్నే పసుపు బస్సెక్కి టౌన్లో ప్రైవేటు బడికి పోయేవారు. ‘మనకి మిగిలినవాళ్లు వీళ్లు’ అనేవాళ్లం స్టాఫ్ రూములో. ఆ మాట ఎంత తేలిగ్గా అనేవాళ్లమో ఇప్పుడు తలుచుకుంటే నాకే బాగోదు.

ఆ మిగిలినవాళ్లలో ఎక్కువమంది చేపలవాళ్ల పిల్లలు. వెనక పేటలోని రైతుల పిల్లలు కొందరు. ఊళ్లో ఒక్కటే కిరాణా కొట్టు ఉంది, ఆ షావుకారుగారి అమ్మాయి ఒకతె.

హెడ్‌మాస్టరు ఆవిడ తెలుగు టీచరుగా చేసి ప్రమోషన్ మీద వచ్చారు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పిల్లలు ఆలస్యంగా వస్తారని ఆవిడకు తెలుసు కాబట్టి పది గంటలయ్యాకే హాజరు వేయించేవారు. హాజరు శాతం పడిపోతే వాళ్లకు ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బులు రాకుండా పోతాయని ఆవిడ భయం. అందుచేత రిజిస్టరు చూసినవాడికి మా బడిలో రోజూ అందరూ ఉన్నట్టే. నాకది మెతకతనంగా తోచింది. నా పీరియడ్‌లో మాత్రం గంట కొట్టాక వచ్చినవాళ్లను లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు. పీరియడ్ అయ్యేదాకా వరండాలో నిలబెట్టేవాణ్ణి. లోపల ఐదారుగురికి శ్రద్ధగా పాఠం చెప్పేవాణ్ణి. బయట ఎనిమిదిమందో తొమ్మిదిమందో గోడకానుకుని నిలబడేవారు.

ఆ ఏడాది పద్నాలుగు మంది పరీక్ష రాస్తే ఐదుగురు పాసయ్యారు. తప్పిన తొమ్మిదిమందీ లెక్కల్లోనే తప్పారు. వాళ్లలో చాలామంది మిగతా సబ్జెక్టులన్నీ పాసయ్యారు కూడా.

వేసవిలో రివ్యూ మీటింగు పెట్టి నన్ను నిలబెట్టారు. అంత వయసొచ్చాక ఒక హాలు నిండా జనం చూస్తుండగా నిలబడ్డం అదే మొదటిసారి. సంజాయిషీ అడిగితే, ‘సముద్రం ఒడ్డు పిల్లలండీ, చదువు మీద ధ్యాస ఉండదు’ అన్నాను. అధికారి నాకంటే చాలా చిన్నవాడు. కాగితం మీంచి తల ఎత్తి, ధ్యాస లేని పిల్లలు తెలుగూ సోషలూ ఎలా పాసయ్యారని అడిగారు. మళ్లీ ఏడాది కూడా ఇలాగే ఉంటే తొమ్మిదీ పదీ తరగతులను హైవే మీది పెద్ద బడిలో కలిపేయమని రాస్తానని చెప్పారు. ఆ మాటకు అర్థం మాకు తెలుసు. ఏడు కిలోమీటర్లు రోజూ ఏ తల్లీ ఆడపిల్లను పంపదు. ఎనిమిదితో చదువు ఆగిపోతుంది.

బడి తెరిచాక నాకు తోచిన మందు ఒకటే. ఇంకా గట్టిగా బిగించడం. గేటుకు కొత్త తాళం కొని, చెవి నా జేబులో వేసుకున్నాను. తొమ్మిదికి గంట కొట్టి, తొమ్మిదీ ఐదుకు తాళం వేసేవాణ్ణి. సోషల్ మాస్టారు నాకు మంచి స్నేహితుడు. మీకంటే సబ్ జైలువాడు నయం, వాడు కనీసం లోపల పెట్టి తాళం వేస్తాడని నవ్వేవాడు.

జూలై నెలాఖరున ఒకరోజు పదో తరగతి పిల్ల ఒకతె గేటు బయట నిలబడింది. చంకలో రెండేళ్ల తమ్ముడు. ముఖమంతా చెమట.

“అంగన్‌వాడీ ఇంకా తియ్యలేదు సార్. ఈణ్ణి దిగబెట్టి వచ్చెత్తాను, ఒక్క పావుగంట గేటు ఉంచండి సార్,” అంది.

రేపు టైముకు రమ్మన్నాను. ఆ పిల్ల తమ్ముణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని వెనక్కి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. నేను నా నోట్‌బుక్‌లో ఆమె పేరు ఎదురుగా ‘శ్రద్ధ లేదు’ అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా నా దగ్గర ఉంది.

శనివారం మధ్యాహ్నం హెడ్‌మాస్టరు నన్ను తన గదికి పిలిచారు. ఒక తెల్లకాగితం ఇచ్చి, మీరు లెక్కల మనిషి కదా, నాకో చిన్న పని చేసిపెట్టండి అన్నారు. పోయినేడు లెక్కల్లో తప్పినవాళ్ల పేర్లు ఒక పక్క రాయమన్నారు. రాశాను, తొమ్మిది. పోయినేడు రోజూ వరండాలో నిలబడినవాళ్ల పేర్లు రెండో పక్క రాయమన్నారు. అవీ రాశాను. రాస్తూ ఉండగానే నా చెయ్యి నెమ్మదించింది. తొమ్మిదింట్లో ఎనిమిది పేర్లు రెండు పక్కలా ఉన్నాయి. ఆ ఎనిమిదీ చేపలవాళ్ల వీధి పేర్లే.

“పాఠం వాళ్ల బుర్రకెక్కలేదని అనుకున్నాం మాస్టారూ. వాళ్లసలు పాఠం వినలేదండి,” అన్నారావిడ.

పోయినేడే ఎందుకు చెప్పలేదని అడిగాను. రెండుసార్లు చెప్పానని, రెండుసార్లూ నేను క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఇచ్చి పంపానని అన్నారు. నిజమే. ఇచ్చాను.

ఎవరైనా తిట్టి ఉంటే తిరిగి వాదించేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు. నా చేతే రాయించారు. ఎదురుగా కళ్లకు కనపడేదాన్ని, లెక్కలు చెప్పేవాణ్ణయి ఉండీ, ఏడాది పాటు కూడి చూసుకోలేదు.

ఆదివారం పొద్దెక్కాక బండి వేసుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. తల్లి ఇంటి ముందు ఇసకలో పట్టా పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. తండ్రి గుజరాత్‌లో ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది గాని, ముఖంలో నవ్వు లేదు. పిల్ల గుమ్మం లోపలే నిలబడింది.

ఎందుకు పంపడం లేదమ్మా అని నేను అడిగేలోపే తల్లి తనే చెప్పింది. బడికాడ లోపలికి ఒగ్గలేదు కాబట్టి ఇంట్లో ఉంచేశానంది. సోమవారం నుంచి రొయ్యల కంపెనీ బండి ఎక్కిస్తున్నానంది. రొయ్యల తలలు తీసే పని. పక్కింటి పిల్లలు ఇద్దరు అప్పటికే వెళ్తున్నారు.

తప్పు నాదని చెప్పాను. ఆవిడ నమ్మలేదో, పట్టించుకోలేదో తెలియదు.

“మీ తప్పేటుంది గాని, పడవలొచ్చే టయిము మా సేతిలో ఉంటాదేటండీ? తెల్లారగట్ల నాను ఒడ్డుకెల్లకపోతే సేప దొరకదు. సేప కొనుక్కొని ఆటో ఎక్కీసి అమ్మకానికి ఎలిపోతాను. ఇంట్లో నీల్లు, కూడు, సిన్నోడు, అన్నీ ఈ ఆడగుంటే సూసుకోవాల. అంగనోడీ తొమ్మిదింటికి గాని తియ్యరు. మీరేమో తొమ్మిదింటికి మూసెత్తారు. ఇది ఏటి సెయ్యాల?”

బళ్లన్నీ తిరిగి, కష్టమైన సమీకరణాలన్నీ విప్పినవాణ్ణి. ఒక ఊళ్లో ఒకే గంటకు ఒక తలుపు తెరిచి ఇంకో తలుపు మూస్తే మధ్యలో ఉన్న పిల్ల రెండుచోట్లా ఎలా ఉంటుందో నాకు తెలియలేదు.

రేపట్నుంచి గేటుకు తాళం ఉండదని, లెక్కలు ఇంటర్వెల్ తర్వాతే చెబుతానని మాటిచ్చాను. హెడ్‌మాస్టరును అడగకుండానే ఇచ్చాను. తల్లి లోపలికి తిరిగి, ఎల్తావేటే అని అడిగింది.

“నాకు లెక్కలంటే బయిం సార్,” అంది ఆ పిల్ల.

నాకూ భయంగానే ఉందని చెప్పాను. అది హాస్యానికి అన్నది కాదు. ఆ పిల్ల మాత్రం అప్పుడే కొంచెం నవ్వింది. సోమవారం తొమ్మిదిన్నరకు బడికి వచ్చింది.

టైమ్‌టేబుల్ మార్చడం అంత సులువు కాలేదు. నా మొదటి పీరియడ్ ఎవరూ తీసుకోనన్నారు. అందరికీ నిండు తరగతే కావాలి కదా. చివరికి సోషల్ మాస్టారే తీసుకున్నాడు. చరిత్ర మధ్యలోంచి విన్నా చరిత్రేనండీ, రాజులెక్కడికీ పారిపోరు అన్నాడు. ముందొచ్చినవాళ్లకు ఓసారి, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఓసారి చెప్పేవాడు. గొంతు బొంగురుపోయి అల్లం బుగ్గన పెట్టుకుని తిరిగేవాడు, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

ఆ ఏడు పదో తరగతిలో ఉన్న పదహారు మందీ మూడో పీరియడ్‌లో నా ఎదురుగా కూర్చున్నారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. నాకంటే ముందు ఆ బడిలో లెక్కలు చెప్పినవాళ్లు కూడా మొదటి పీరియడ్‌వాళ్లే. ఈ పిల్లలు ఆరో తరగతి నుంచి లెక్కల పాఠం మొదలు ఎప్పుడూ వినలేదు, చివరి పావుగంటే విన్నారు. పదో తరగతి పుస్తకం మూసి, సెప్టెంబరులో భిన్నాల దగ్గర మొదలుపెట్టాను.

దానితో షావుకారుగారు వచ్చారు. ఆయన కోపం న్యాయమైనదే. తమ అమ్మాయి ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చునే పిల్ల. టైముకు వచ్చినందుకు ఆమె మళ్లీ భిన్నాలు చెయ్యాలా, నా కూతురు నష్టపోతే ఎవరు చూస్తారని అడిగారు. టీసీ ఇచ్చేయమన్నారు. ఆ అమ్మాయి మా తరగతిలో తప్పకుండా పాసయ్యే పిల్ల. ఆమె పోతే ఫలితం మాట అటుంచి, ఆ వీధిలో మిగిలిన నలుగురూ పోతారు. అర్ధ సంవత్సరం పరీక్షల దాకా ఆగమని, అమ్మాయికి మార్కులు తగ్గితే టీసీ నా చేత్తోనే రాసిస్తానని చెప్పాను.

పరీక్షల్లో ఆ అమ్మాయికి రెండు మార్కులు తగ్గాయి. నేను టీసీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన వచ్చారు, మార్కులు చూశారు, పుస్తకం వంక కూడా చూశారు. అది లోపల పెట్టేయమన్నారు. అమ్మాయి సాయంత్రాలు కొట్టు అరుగు మీద నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తోందట. ఇప్పుడు బడి మార్పిస్తే అన్నం తిననని ఇంట్లో చెప్పిందట. ఆ నలుగుర్నీ కూర్చోబెట్టమని ఆమెకు నేను చెప్పలేదు. నాకు తెలియనే తెలియదు.

డిసెంబరులో ఒక మంగళవారం హెడ్‌మాస్టరు సెలవులో ఉన్నారు. బడి బాధ్యత నాది. తొమ్మిదీ పావుకు గేటు ముందు జీపు ఆగింది. రివ్యూలో నన్ను నిలబెట్టిన అధికారే. ముందు చెప్పకుండా వచ్చారు. ఆయన లోపలికి వస్తుండగానే ఆయన పక్కనుంచి ముగ్గురు ఆడపిల్లలు పరుగున వచ్చారు. వాళ్లలో ఒకతె ఆ పిల్లే, చంకలో తమ్ముడు. ఆరోజు అంగన్‌వాడీ టీచరుకు మీటింగు, తలుపు తియ్యలేదు.

ఆయన చేతి గడియారం చూసుకుని, ఇదేనా ఇక్కడి పద్ధతి అని అడిగారు.

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు పాత మాటే నోటిదాకా వచ్చింది. ఈ పిల్లలింతేనండి అంటే ఆయన కోపం వాళ్ల మీదికి పోతుంది, నేను బయటపడతాను. ఆ పిల్ల అక్కడే ఆగి నా ముఖం చూస్తోంది. గేటు దగ్గర నిలబడ్డ రోజు కూడా అలాగే చూసింది.

“పద్ధతి నేనే మార్చానండి. వాళ్లు నన్ను అడిగి వస్తున్నారు,” అన్నాను.

లోపలికి తీసుకెళ్లి నా నోట్‌బుక్ చూపించాను. ఆగస్టు నుంచి రోజూ ఒక్కో పీరియడ్‌లో ఎంతమంది కూర్చున్నారో తలలు లెక్కపెట్టి రాసి ఉంచాను. మొదటి పీరియడ్‌లో ఆరు, ఏడు. మూడో పీరియడ్‌లో పదిహేను, పదహారు. దాని పక్కన పోయినేటి రెండు జాబితాలు. ఆయన నిలబడే చదివారు. చాలాసేపు చదివారు. తర్వాత మూడో పీరియడ్ తానూ కూర్చుంటానన్నారు.

వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ పిల్ల తమ్ముడు ఆయన పక్కకు చేరి, జేబులో పెన్ను లాగి మూత నోట్లో పెట్టుకున్నాడు. ఆయన వారించలేదు. కాసేపటికి ఆ పిల్లనే బోర్డు దగ్గరికి పిలిచి ఒక వర్గ సమీకరణం ఇచ్చారు. సగం దాకా బాగానే చేసి, మూడో వరసలో గుర్తు తప్పు వేసింది. ఆయన తప్పు అన్నారు. నాలుగు నెలల కిందటైతే ఆ పిల్ల సుద్ద కింద పెట్టి ఏడుస్తూ వెళ్లి కూర్చునేది.

“ఒక్క నిమిసం ఉండండి సార్,” అంది.

అరచేత్తో కింది వరసలు తుడిచింది. రెండో వరస మీద వేలు పెట్టి పెదాలు కదుపుతూ చదువుకుంది. మళ్లీ రాసింది. జవాబు వచ్చింది. గుర్తు మరిసిపోనాను సార్ అని, ఆయన మెచ్చుకునేదాకా ఆగకుండా వెళ్లి కూర్చుంది.

విజిటర్ల పుస్తకంలో ఆయన రెండే వాక్యాలు రాశారు. ఈ టైమ్‌టేబుల్ కొనసాగించవచ్చు. తుది నిర్ణయం ఫలితాలు చూసి. అంతే. జీపెక్కబోతూ నా వైపు చూసి, పోయినసారి వీళ్లకు ధ్యాస లేదన్నారు కదా అన్నారు. అన్నానని, అలా అనడం తప్పేనని చెప్పాను. ఆయన తలూపి వెళ్లిపోయారు.

ఫలితాలు వచ్చాయి. పదహారు మందిలో పన్నెండుగురు పాసయ్యారు. ఏ పేపర్లోనూ పడే ఫలితం కాదు, మాకెవరూ శాలువా కప్పలేదు. కాని బడిని కలిపేయాలన్న కాగితం మళ్లీ కదలలేదు. ఇప్పటికీ అక్కడ పదో తరగతి నడుస్తోంది.

తప్పిన నలుగురిలో ఆ పిల్ల ఉంది. లెక్కల్లో ముప్పై ఒకటి. నాలుగు మార్కులు చాలలేదు. ఆరోజు నేను వాళ్ల ఇంటికి వెళితే బయటికి రాలేదు. సప్లిమెంటరీకి రేపట్నుంచి బడిలోనే చెబుతానని గుమ్మం దగ్గర నిలబడి గోడకు చెప్పినట్టు చెప్పి వచ్చేశాను.

అది వేసవి, సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసక మీదికి లాగి ఉన్నాయి. తండ్రి గుజరాత్ నుంచి వచ్చి ఇంట్లో ఉన్నాడు, తల్లికి తెల్లవారకముందే ఒడ్డుకు పరుగెత్తే పని లేదు. మొదటిరోజు ఏడు గంటలకు నేను బడికి వెళ్లేసరికి ఆ పిల్ల అప్పటికే వచ్చి, నీళ్లు చల్లి తుడిచి, బోర్డు మీద పాత తేదీ చెరిపి కొత్త తేదీ రాసి కూర్చుంది. పరీక్ష దాకా ఒక్కరోజు కూడా నాకంటే వెనక రాలేదు. ఆ పిల్ల ఆలస్యంగా వచ్చే పిల్ల కాదు. ఆ సంగతి తెలుసుకోడానికి పడవలు ఒడ్డున పడాల్సి వచ్చింది.

నలుగురిలో ముగ్గురు సప్లిమెంటరీలో గట్టెక్కారు. ఒకతె తప్పింది, రొయ్యల కంపెనీకే వెళ్లింది. బండిలోంచి నన్ను చూస్తే చెయ్యి ఊపేది. ఆ చెయ్యి గుర్తొచ్చినప్పుడు నాకు పాసైనవాళ్ల సంతోషం కాస్త తగ్గుతుంది, తగ్గాలి కూడా. మీరు ఏ బడికి వెళ్లినా మీ ఎదురుగా ఉన్నవాళ్లకు పాఠం చెప్పడం మీకు వచ్చే ఉంటుంది. ఎదురుగా లేనివాళ్ల పేర్లు మొదటి వారంలోనే ఒక కాగితం మీద రాసుకోండి. నాలా రెండో ఏడు దాకా ఆగకండి.

ఆ గేటు దగ్గర నిలబడ్డ పిల్ల ఇప్పుడు నర్సింగు చదువుతోంది, ఆఖరి ఏడు. సప్లిమెంటరీ ఫలితం వచ్చిన రోజు తల్లీ కూతుళ్లు బడికి వచ్చారు. ఫోన్లో నేనే చూసి చెప్పాను, లెక్కల్లో నలభై ఒకటి, పాసైపోయిందమ్మా అని. పిల్ల ముఖం వెలిగిపోయింది. తల్లి చేతిలోని సంచీ బల్ల మీద పెట్టింది. ఎంతకి నలభై ఒకటి అని అడిగింది. నూటికి అన్నాను. రొయ్యల బండి ఎక్కిస్తానన్న ఆవిడే, కాసేపు మనసులో ఏదో లెక్క కట్టుకుంది.

“మరి మిగతా యాబై తొమ్మిది ఏటైపోనాయండి మాస్టారూ?” అంది.